ఒకే కీర్తన, పది రికార్డింగులు: ‘నగుమోము’ కొలతల డైరీ

మా పెద్దమ్మ రాజమండ్రిలో ఏటా పుష్య బహుళ పంచమినాడు జరిగే త్యాగరాజ ఆరాధనలో ‘నగుమోము గనలేని’ కీర్తన పాడేది. కుదిరిన ఏడల్లా పెదనాన్న దాన్ని టేపు చేసేవారు. వయసు పెరిగేకొద్దీ పెద్దమ్మ పాట నెమ్మదించిందనీ, శ్రుతి దిగిందనీ, 1984లో అయితే ఏకంగా అయిదున్నర శ్రుతిలో పాడిందనీ ఇంట్లో అందరూ చెప్పుకుంటారు (శ్రుతి అంటే పాటకు ఆధారమైన స్థాయి, అంకె పెరిగేకొద్దీ స్థాయి హెచ్చు). ఆ మాటల్లో నిజమెంతో కొలిచి చూడటం ఈ పని ఉద్దేశం. మొదటి మూడు నెలల్లో నేను కొలిచింది పాటను కాదని, పెదనాన్న టేపురికార్డరునూ అప్పటి కరెంటునూ కొలుస్తూ కూర్చున్నానని తరవాత తేలింది. ఇంట్లో ఇలాంటి క్యాసెట్లు ఉన్నవారు ఆ మూడు నెలలు పోగొట్టుకోకుండా ఉంటారని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

చేతిలో ఉన్న సరుకు: 1984, 1987, 1991, 1993, 1996, 1999, 2004 సంవత్సరాల సభల క్యాసెట్లు ఏడు, 2001లో శిష్యులు చందాలు వేసుకుని స్టూడియోలో చేయించిన క్యాసెట్ ఒకటి, 2008లో డిజిటల్ రికార్డరుతోనూ, 2014లో, 2019లో ఫోనుతోనూ పట్టిన ఫైళ్లు మూడు.

దశ 1: క్యాసెట్ల పరిస్థితి (ఆగస్టు)

మొదట క్యాసెట్ పెడితే నేరుగా కంప్యూటరులోకి ఎక్కించే చిన్న యూఎస్‌బీ పరికరం ఒకటి 1,900 రూపాయలకు కొన్నాను. అది దండగ. శ్రుతి పెట్టె నాదం నిలకడగా ఉండాల్సిన చోట అలలు అలలుగా ఊగింది. కొలిస్తే ఆ ఊపు అటూ ఇటూ 1.2 శాతం ఉంది, అంటే దాదాపు 20 సెంట్లు. అర శ్రుతి అంటే 100 సెంట్లు. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పాడే తీరు, పరిశీలించాలనుకునే పనికి 20 సెంట్ల ఊపు ఉన్న యంత్రం పనికిరాదు. దాన్ని పక్కన పెట్టి 3,500 రూపాయలకు పాత క్యాసెట్ డెక్కు ఒకటి తెచ్చాను.

ఎనిమిదింటిలో ఆరు 90 నిమిషాల క్యాసెట్లు. వాటిలో టేపు పలచన, దాదాపు 12 మైక్రాన్లు. అలాంటి టేపు ఏళ్ల తరబడి ఒకే బిగువులో చుట్టి ఉంటే ఒక పొర మీది శబ్దం పక్క పొర మీదికి లీలగా అచ్చుపడుతుంది. 1991 క్యాసెట్లో పెద్దమ్మ ‘నగుమోము’ అని ఎత్తుకోవడానికి రెండు సెకన్ల ముందే అదే మాట, అదే గొంతుతో, గోడ అవతలి నుంచి అన్నట్టు వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఎవరో పక్కన కూర్చుని కూనిరాగం తీస్తున్నారనుకుని దాన్ని కోసేయబోయాను.

1987 క్యాసెట్ పోయినట్టే. దానిమీద ఆ ఏటి ప్రపంచ కప్పు క్రికెట్ వ్యాఖ్యానం ఎక్కించి ఉంది. ఆ పని ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మిగిలిన ఏడింటికీ చేసిన పని ఇది:

1. క్యాసెట్‌ను ఆడించకముందే టేపును నొక్కిపట్టే దూది బిళ్ల జిగురు ఊడిందేమో చూశాను. మూడింటిలో ఊడింది, వాటి చుట్టలను మరలతో బిగించే ఖాళీ డొల్లలలోకి మార్చాను.
2. ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కు తిప్పాను. పొరలు విడిపోవడానికి ఇది తప్పనిసరి.
3. డెక్కు తలను, రబ్బరు చక్రాన్ని మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ప్రతి క్యాసెట్‌కూ ముందు తుడిచాను.
4. తల పక్కన ఉండే చిన్న మరను తిప్పి, పై స్థాయి శబ్దాలు, ముఖ్యంగా తాళం వేసే చేతి చప్పుడు, అతి స్పష్టంగా వినిపించే చోట ఆపాను. ప్రతి క్యాసెట్‌కూ ఆ చోటు మారుతుంది.
5. సెకనుకు 48,000 నమూనాల చొప్పున, 24 బిట్లలో ఎక్కించుకున్నాను. రొద తగ్గించే మీటలేవీ ముట్టుకోలేదు. రొద ఎందుకు కావలసి వచ్చిందో దశ 3లో వస్తుంది.

ఇంతవరకు: ఎక్కించిన క్యాసెట్లు 7, పోయినవి 1. గంటలు 26. ఖర్చు రూ. 6,000, ఇందులో బెల్టు 250, ఆల్కహాలు 150, డొల్లలు 200.

దశ 2: డెక్కు వేగం (సెప్టెంబరు)

క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. నా డెక్కు ఎంత నడుస్తోందో తెలియకుండా ఏ కొలతకూ విలువ లేదు. అందుకని కంప్యూటరు నుంచి 3,000 హెర్ట్జ్ నాదాన్ని ఖాళీ క్యాసెట్‌పై ఎక్కించి, తిరిగి ఆడించి కొలిచాను. సరిగ్గా 3,000 వచ్చింది. ఒక రోజంతా సంతోషించాను. ఎక్కించిన డెక్కూ ఆడించిన డెక్కూ ఒకటే కాబట్టి అది ఎంత తప్పుగా నడిచినా 3,000 వచ్చి తీరుతుందని రాత్రి పడుకునేటప్పుడు తట్టింది.

పరీక్ష కోసం తయారైన క్యాసెట్ దొరకలేదు. చివరికి కొలబద్దతోనే పని జరిగింది. పాడైపోయిన క్యాసెట్ ఒకదాని టేపును హాల్లో నేలమీద పరిచి, సరిగ్గా 4 మీటర్ల 76 సెంటీమీటర్ల దూరంలో రెండు చోట్ల కత్తిరించి అతికించాను. అతుకు తల మీదుగా పోయినప్పుడు టక్కుమంటుంది. రెండు టక్కుల మధ్య 100 సెకన్లు రావాలి, 98.1 వచ్చింది. అంటే డెక్కు 1.9 శాతం వేగంగా ఉంది. మోటారు వెనక ఉన్న చిన్న రంధ్రంలో సన్నని స్క్రూడ్రైవరు పెట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ, ఆరో ప్రయత్నంలో 99.9కి తెచ్చాను. నేలమీద కొలిచేటప్పుడు సెంటీమీటరు పొరపాటు జరిగినా తప్పు 0.2 శాతమే కాబట్టి ఈ పద్ధతి చాలు.

దీనితో నా వైపు తప్పు పోయింది. పెదనాన్న రికార్డరు తప్పు మిగిలింది. ఆరాధన మంటపంలో ప్లగ్గు మైకు సెట్టుకే సరిపోయేది కనుక ఆయన రికార్డరును బ్యాటరీలమీద నడిపేవారు. బ్యాటరీలు నీరసిస్తే మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా రికార్డయిన పాట సరైన వేగంతో ఆడిస్తే వేగంగానూ హెచ్చు శ్రుతిలోనూ వినిపిస్తుంది. 1984 క్యాసెట్లో శ్రుతి పెట్టె పై షడ్జం (పై స్థాయి ‘స’) కీర్తన మొదట్లో 403 హెర్ట్జ్, ముగింపులో 408. శ్రుతి పెట్టె తనంతట తాను శ్రుతి పెంచుకోదు కదా, ఆ ఆరేడు నిమిషాల్లో బ్యాటరీ దిగిపోయింది. సగటున 405.5 వేసుకుంటే అయిదు శ్రుతి (392) కంటే అయిదున్నరకే (415) దగ్గర. ఇంట్లోవాళ్ల మాటే నిజమని తాత్కాలికంగా రాసుకున్నాను.

ఇంతవరకు: గంటలు 38. ఖర్చు మారలేదు.

దశ 3: మైకు సెట్టు హమ్ (అక్టోబరు)

పాత రికార్డింగు అసలు వేగం కనిపెట్టడానికి వాడుకలో ఉన్న ఉపాయం ఒకటుంది. కరెంటుతో నడిచే ఆంప్లిఫయరు సన్నగా ‘మ్‌మ్’ అని మోగుతూ ఉంటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత కూడా 50కి, దాని గుణిజాలకు కట్టుబడి ఉంటుంది. టేపులో అది 51 దగ్గర కనిపిస్తే టేపు 2 శాతం వేగంగా ఆడుతోందని అర్థం. రొదను తుడిచేయకుండా ఉంచుకున్నది ఇందుకే.

ఇక్కడ రెండు తప్పులు చేశాను. మొదటిది చిన్నది: నా డెక్కు కూడా కరెంటుమీదే నడుస్తుంది కాబట్టి దాని హమ్ కూడా ఫైల్లో కలిసింది. ఏ క్యాసెట్ పెట్టినా ఖచ్చితంగా 50.0 దగ్గర గీత రావడం చూసి పెదనాన్న రికార్డరును తెగ మెచ్చుకున్నాను. ఖాళీ క్యాసెట్ ఆడించినా అదే గీత వచ్చాక తెలిసింది. ఎర్తు తీగ సరిచేసి ఆ గీతను అణచిన తరవాత దాని పక్కనే అసలు గీత బయటపడింది. కొలిచేటప్పుడు 65,536 నమూనాల కిటికీ వాడితే అది 1.4 సెకన్ల ముక్క, దానితో 0.7 హెర్ట్జ్ కంటే చిన్న తేడా తెలియదు. ఇరవై సెకన్ల ముక్క తీసుకుంటేనే 0.05 దాకా తెలుస్తుంది.

1984 క్యాసెట్లో అసలు గీత 50.79 దగ్గర ఉంది. ఆ లెక్కన టేపు 1.58 శాతం వేగం. సరిచేస్తే షడ్జం 399 హెర్ట్జ్‌కు దిగింది, అంటే అయిదుకు పైన 30 సెంట్ల చిల్లర. అయిదూ కాదు, అయిదున్నరా కాదు. శ్రుతి పెట్టెలో అలాంటి మెట్టు ఉండదు.

రెండో తప్పు పెద్దది. దాన్ని పట్టించినవారు విద్యుత్ బోర్డులో పనిచేసి రిటైరైన మా పక్కింటి పెద్దాయన. నా పట్టిక చూసి ఆయన నవ్వారు.

“1984లో 50 ఎక్కడిది బాబూ? మా కంట్రోల్ రూములో మీటరు 48.5 దగ్గర నిలబడితే ఆ పూట గండం గడిచినట్టే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇంకా కిందికి పోయేది.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఉత్పత్తి చాలక గిరాకీ ఎక్కువై దక్షిణాది గ్రిడ్డులో ఫ్రీక్వెన్సీ ఏళ్ల తరబడి 50కి కిందే నడిచింది. 2003 జనవరిలో దక్షిణాదిలో కొత్త టారిఫు పద్ధతి వచ్చి, తక్కువ ఫ్రీక్వెన్సీ సమయంలో అదనంగా లాగిన రాష్ట్రాలు ఎక్కువ ధర చెల్లించవలసి వచ్చాకనే అది కుదుటపడింది. కాబట్టి 2003కు ముందు దక్షిణాదిలో చేసిన రికార్డింగులను 50 హెర్ట్జ్ హమ్‌తో సరిచేస్తే తప్పు సరికాదు, ఇంకో తప్పు దానిమీద పేరుకుంటుంది. సముద్రాల అవతల రాసిన సూచనలు చదివి ఇక్కడి టేపులకు వర్తింపజేసినందుకు నాకు తగిన శాస్తి.

ఇంతవరకు: గంటలు 52. నమ్మదగిన కొలతలు: సున్న.

దశ 4: అటక మీది శ్రుతి పెట్టె (నవంబరు)

1996 దాకా పెద్దమ్మ వెనక మోగింది ఒకే ఒక తిత్తి శ్రుతి పెట్టె. రీడ్లున్న పెట్టె కాబట్టి దానికి తిప్పే మీట లేదు, దాని శ్రుతి దానిదే. అది అటక మీద దొరికింది. తిత్తి ఎలుకలు కొరికాయి. హార్మోనియంలు బాగుచేసే ఆయన 350 రూపాయలకు కొత్త తోలు వేశారు. రీడ్లను గీకవద్దని, తుడవడం కూడా మెత్తని కుంచెతోనే చేయమని ముందే బతిమాలుకున్నాను.

పై షడ్జం 388 హెర్ట్జ్ పలికింది. అయిదు శ్రుతికి 18 సెంట్లు తక్కువ. రీడ్డు తుప్పుతో కొంత దిగి ఉండవచ్చు కాబట్టి పది సెంట్లు అటూ ఇటూ వదిలేశాను. వేగంలో అది 0.6 శాతం మాత్రమే.

ఇప్పుడు లెక్క తిరగేశాను. టేపులో 405.5, నిజానికి 388. కాబట్టి టేపు 4.5 శాతం వేగంగా ఆడుతోంది. అదే నిష్పత్తితో హమ్‌ను సరిచేస్తే ఆ సాయంత్రం రాజమండ్రిలో కరెంటు 48.6 హెర్ట్జ్. పక్కింటి పెద్దాయనకు ఈ అంకె చూపిస్తే “జనవరి కదా, కాస్త మెరుగే” అన్నారు.

అయిదున్నర శ్రుతి కథ దీనితో ముగిసింది. పెద్దమ్మ 1984లోనూ 1996లోనూ అయిదులోనే పాడింది. ఇంట్లోవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఏళ్ల తరబడి వాళ్లు విన్నది ఆ నీరసపు బ్యాటరీల క్యాసెట్‌నే.

1999 నుంచి ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె వచ్చింది. దాన్ని మీటతో ఎటైనా తిప్పవచ్చు కాబట్టి అది సాక్ష్యానికి పనికిరాదు. 1999 క్యాసెట్ కొలతకు 3 శాతం అనుమానం ఉంచుకోవాలి. 2004 నాటికి హమ్‌ను నమ్మవచ్చు. 2008 తరవాతివి డిజిటల్ కాబట్టి వేగం బెడద లేదు.

శ్రుతి లెక్క: 1984 నుంచి 1996 దాకా అయిదు, 1999 నుంచి 2014 దాకా నాలుగున్నర, 2019లో నాలుగు.

ఇంతవరకు: గంటలు 60. ఖర్చు రూ. 6,350.

దశ 5: లయ

లయను కంప్యూటరే కనిపెట్టే సదుపాయాన్ని ఒక పూట వాడి వదిలేశాను. మృదంగం ఎక్కడ దుడుకు చేస్తే అక్కడ అది వేగం రెట్టింపయిందని చెబుతుంది. పాటను తెరమీద గీతలుగా చూపే సోనిక్ విజువలైజరు అనే ప్రోగ్రాములో పాట వింటూ ప్రతి ఆది తాళ ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదట్లో చేత్తో మీట నొక్కి, పల్లవిలో పది ఆవర్తనాల సగటు తీశాను. ఒక్కో రికార్డింగుకు మూడుసార్లు చేస్తే తేడా 0.03 సెకన్లు మించలేదు.

వేగం సరిచేశాక పల్లవిలో ఒక ఆవర్తనానికి పట్టిన సెకన్లు:

1984: 6.40
1991: 6.38
1993: 6.45
1996: 6.42
1999: 6.83
2001, స్టూడియో: 6.60
2004: 6.85
2008: 6.88
2014: 7.05
2019: 7.10

సరిచేయని టేపును నమ్మి ఉంటే 1984 అంకె 6.12 అయ్యేది, పాట 16 శాతం నెమ్మదించిందని రాసి ఉండేవాణ్ని. నిజానికి 11. అదీ ఏటేటా కొంచెం కొంచెంగా జారలేదు. పన్నెండేళ్లు కదలకుండా ఉండి, 1996కూ 1999కీ మధ్య ఒక్కసారి 6 శాతం పడింది. 1999 క్యాసెట్ మీద ఉన్న 3 శాతం అనుమానం తీసేసినా పడినట్టే, 2004 అంకె కూడా దానికి సాక్ష్యం చెబుతోంది. అప్పటికి పెద్దమ్మకు యాభై మూడేళ్లు, గొంతు బాగానే ఉంది. ఆ మధ్యలో మృదంగం వాయించేవారు మారారు కాబట్టి కారణం అదేనని రాసుకుని పెద్దమ్మకు చెప్పాను.

“ఆ అబ్బాయి మీద పెట్టకురా. వాడు నేనెలా వెళితే అలా వచ్చాడు. అప్పటికి సంగతులు పెరిగాయి కదా, అవి పట్టాలంటే చోటుండొద్దూ?”

దానితో సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, లెక్కపెట్టవలసి వచ్చింది. అసలు మొదట చేయవలసిన పని అదే.

ఇంతవరకు: గంటలు 71.

దశ 6: సంగతులు (డిసెంబరు)

ఇది చెవిపనే. పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కో సంగతినీ స్వరపరిచి వేరువేరు కాగితాలమీద రాశాను. పల్లవి సంగతులు 1984లో అయిదు, 1991లో అయిదు, 1993లో ఆరు, 1996లో ఆరు, 1999లో ఎనిమిది, 2004లోనూ 2008లోనూ ఎనిమిదే, 2014లో ఆరు, 2019లో నాలుగు. స్టూడియో క్యాసెట్లో నాలుగు.

అయిదు ఆరు ఎలా అయిందో 1993 క్యాసెట్లో దొరికింది. పాట మొదలైన 2 నిమిషాల 14 సెకన్ల దగ్గర, నాలుగో సంగతి చివర ‘శ్రీ రఘువర’ దగ్గర, పెద్దమ్మ ని ద ప అంటూ పంచమానికి దిగాలి. అప్పటిదాకా అన్ని సంగతులూ అక్కడ దిగినవే. ఆమె ‘రఘు’ అని నిషాదం మీద ఉండగా ఫిడేలు తాళం లెక్కలో అర అక్షరం ముందుగా తార షడ్జానికి ఎగబాకింది. తెరమీద గొంతు స్థాయిని చూపే గీత అక్కడ 0.3 సెకన్ల పాటు తెగిపోయి, తిరిగి మొదలయ్యేసరికి పై షడ్జం మీద ఉంది. అక్కడి నుంచి ‘వర’ను పొడుగ్గా జార్చుకుంటూ దిగింది. సభలో ఎవరో “భళా” అన్నారు. 1996 క్యాసెట్లో తెగడం లేదు. ఫిడేలుకంటే ముందు పెద్దమ్మే పైకి వెళ్లింది. 1999లో శిష్యురాళ్లిద్దరు ఆమెతో కలిసి అదే సంగతిని తడబాటు లేకుండా పాడారు.

ఆ 1993 ముక్క వినిపించినప్పుడు పెద్దమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“నేను దిగుదామనే అనుకున్నాను. ఆయన పైకి పోయాడు. అంత పెద్దాయన్ని సభలో అక్కడ ఒంటరిగా వదిలేసి వస్తే బాగుంటుందా?”

2019లో మిగిలిన నాలుగు సంగతుల్లో గురువుగారి పాఠంలోవి మూడు, నాలుగోది ఈ 1993 నాటిది. పాఠంలోని మిగతా రెండూ పోయాయి, ఇది నిలిచింది. వయసులో గొంతు బరువైనవాటిని వదులుతుందని అనుకున్నాను కాని, పోయిన రెండింటిలో ఒకటి మధ్య స్థాయిలోనే నడిచే తేలికపాటిది. పెద్దమ్మ చెప్పిన కారణం వేరు: స్టూడియో క్యాసెట్లో అది లేదు.

ఈ స్టూడియో సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 60 నిమిషాల క్యాసెట్లో ఎనిమిది కీర్తనలు పట్టాలి. 1999 సభలో కల్పన స్వరాలతో (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) కలిపి 11 నిమిషాల 10 సెకన్లు నడిచిన కీర్తనను 2001లో 5 నిమిషాల 40 సెకన్లకు కుదించారు. స్వరాలు తీసేశారు, సంగతులు సగం చేశారు, లయ కూడా కొంచెం ముందుకు తోశారు. పూర్వం 78 ఆర్‌పీఎం గ్రామఫోను పళ్లెం ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. ఆ కొలతకు ఒదిగేలా విద్వాంసులు కీర్తనలను దగ్గరకు లాగి పాడేవారు, ఊళ్లలో జనం విన్నది ఆ దగ్గరకు లాగిన పాటనే. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గ్రామఫోను రికార్డుతోనే ఈ ‘నగుమోము’ ఇంటింటి పాట అయింది. మా చిన్న స్టూడియోలోనూ జరిగింది అదే. సభకు వచ్చినవారు ఏడాదికి ఒకసారి విన్నారు, శిష్యులు క్యాసెట్‌ను రోజూ విన్నారు. పదేళ్లకు శిష్యుల పాఠం క్యాసెట్ పాఠమైంది; వాళ్లకు నేర్పుతూ నేర్పుతూ పెద్దమ్మ పాట కూడా దానికే వచ్చి చేరింది. 2019 సభలో కీర్తన 5 నిమిషాల 5 సెకన్లు.

సంగతులు సగమైనా 2019లో లయ తిరిగి లేవలేదు. “చోటుండొద్దూ” అన్న పెద్దమ్మ మాట 1999కి సరిపోతుంది, 2019కి సరిపోదు. ఈ మాట ఆమెకు చెప్పలేదు.

ఇంతవరకు: గంటలు 94. స్వరపరిచిన కాగితాలు 41.

దశ 7: ధైవతం (జనవరి)

ఈ దశలో రెండు వారాలు పోయాయి, ఫలితం నాలుగు వాక్యాలు. ఈ కీర్తన రాగమైన ఆభేరిలో ధైవతం (‘ద’) గురించి వాదన పాతది: శుద్ధ ధైవతంతో నఠభైరవి జన్యంగా (దాని నుంచి పుట్టిన రాగంగా) పాడటం పూర్వ సంప్రదాయమని, చతుశ్రుతి ధైవతంతో ఖరహరప్రియ జన్యంగా పాడటం తరవాతిదని, ఇప్పుడు దాదాపు అందరూ పాడేది రెండోదే. పెద్దమ్మ మొదట్లో శుద్ధ ధైవతమే పాడిందని మా బంధువుల్లో ఒకరి పట్టుదల. గొంతు ఏ స్థాయిలో ఎంతసేపు ఉందో చూపే పటం గీస్తే, శుద్ధమైతే షడ్జానికి పైన 800 సెంట్ల దగ్గర, చతుశ్రుతి అయితే 900 దగ్గర పోగు కనిపించాలి.

మొదటి పటంలో రెండు పోగులూ కనిపించి ఎగిరి గంతేశాను. 800 దగ్గరిది ఫిడేలు నిషాదం నుంచి పంచమానికి జారుతూ దాటిపోయే దారి. గొంతు ఆగిన చోట్ల ప్రోగ్రాము ఫిడేలును గొంతనుకుంది. గొంతు ఉన్న ముక్కలను చేత్తో ఏరి మళ్లీ చూస్తే పదింటిలోనూ ధైవతం 870కీ 930కీ మధ్యే కదిలింది. అంటే ఈ కీర్తనకు జరిగిన అతి పెద్ద మార్పు మా మొదటి క్యాసెట్‌కు ఎంతో ముందే జరిగిపోయింది. మా పది రికార్డింగుల్లో దాని జాడ కోసం వెతకడం దండగ.

ఇంతవరకు: గంటలు 117.

దశ 8: ఊపిరి (ఫిబ్రవరి)

చరణంలో ఈ మాటలు వస్తాయి: ‘ఖగరాజు నీ యానతి విని వేగ చనలేడో, గగనానికి యిలకు బహు దూరంబనినాడో’. నీ వాహనమైన గరుత్మంతుడు నీ ఆజ్ఞ విని త్వరగా బయలుదేరలేదా, లేక ఆకాశానికీ భూమికీ చాలా దూరమన్నాడా అని నిలదీత. 1984 నుంచి 2004 దాకా పెద్దమ్మ ‘గగనానికి’ దగ్గర ఎత్తుకుని ‘అనినాడో’ దాకా ఒకే ఊపిరిలో పాడింది. 2008లో ‘గగనానికి’ తరవాత 0.2 సెకన్ల ఖాళీ కనిపించింది, 2014లో 0.5, 2019లో 0.8. గొంతు ఎత్తును రెట్టించి వింటే ఆ ఖాళీలో గాలి పీల్చిన చప్పుడు స్పష్టంగా ఉంది.

2019 సభలో ఆ ఖాళీ తరవాత ‘యిలకు’ అని ఆమె మంద్రంగా అందుకోగానే ముందు వరుసల్లో “ఆహా” అని వినిపిస్తుంది. ఆకాశాన్నీ భూమినీ విడదీసి చూపించిందని ఒకాయన సభ అయ్యాక మెచ్చుకున్నారట. పెద్దమ్మకు ఆ మాట గుర్తుంది.

“భావమూ లేదు, ఏమీ లేదురా. ఊపిరి అందలేదు.”

డాలస్‌లో ఉండే పెద్దమ్మ మనవరాలికి పన్నెండేళ్లు. ఈ ఆరాధనకు అక్కడి ఇంట్లో పాడి పంపిన వీడియోను కూడా అదే పద్ధతిలో కొలిచాను. శ్రుతి అయిదు, ఆవర్తనం 6.95, పల్లవి సంగతులు నాలుగు, అందులో 1993 నాటిది ఉంది. ‘గగనానికి’ తరవాత ఖాళీ 0.8 సెకన్లు; గాలి పీల్చిన చప్పుడు లేదు. ఫోనులో మాట్లాడినప్పుడు అక్కడ ఆగకుండా ఒకే ఊపిరిలో పాడి చూపించమంటే అవలీలగా పాడింది. మరి వీడియోలో ఎందుకు ఆగావంటే, “అక్కడ ఆగాలి మామయ్యా, పాఠంలో అలాగే ఉంది” అంది.

దాన్ని పదకొండో రికార్డింగుగా పట్టికలో చేర్చాను.

ఇంతవరకు: రికార్డింగులు 11. గంటలు 126. ఖర్చు రూ. 6,350. మిగిలిన పని: 1987 క్యాసెట్ రెండో వైపు చివర, క్రికెట్ అయిపోయాక, చెరగకుండా మిగిలిన నలభై సెకన్ల మంగళం.